లెక్క తప్పిన దెయ్యం

ఆ సంగీతశాల కింద ఉన్న సామాన్ల గదికి మంచి పేరు లేదు.

పగటిపూట కూడా అందులోకి ఒంటరిగా ఎవరూ దిగరు. దిగాల్సి వస్తే ఇద్దరు కలిసి వెళ్తారు, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు, కావలసిన కుర్చీ వదిలేసి చేతికి దొరికిన కుర్చీ పట్టుకుని పైకి వచ్చేస్తారు. అంత పెద్ద శాలలో వేదిక మీద కాళ్ళు విరిగిన కుర్చీలు ఎందుకున్నాయని అడిగేవాళ్ళకి ఇదీ జవాబు.

ఎందుకంటే... రాత్రి పది దాటాక ఆ గదిలో ఒక గొంతు లెక్కపెడుతుందట.

ఏడవదు. నవ్వదు. పేరు పెట్టి పిలవదు. దెయ్యమన్నాక చేయవలసిన పనులేవీ చేయదు. మెల్లగా, పక్కవాళ్ళని నిద్ర లేపకూడదన్నట్టు — ఒకటి, రెండు, మూడు, నాలుగు... రెండు, రెండు, మూడు, నాలుగు... మూడు, రెండు, మూడు, నాలుగు... అలా సాగిపోతుందట.

దాని వెనక ఒక కథ ఉంది. పదేళ్ళ కిందట అక్కడి వాద్యబృందంలో టింపనీ వాయించే ఒకాయన ఉండేవాడు. టింపనీ అంటే పెద్ద నగారా. గంగాళమంత రాగి గిన్నె, దాని మూతికి బిగించిన తోలు. ఆ వాద్యానికి పని తక్కువ, కాపలా ఎక్కువ. ఒక పెద్ద కచేరీలో ఆయన నూట పన్నెండు ఆవర్తాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆవర్తానికి నాలుగు లెక్కలు. అవన్నీ తప్పకుండా లెక్కపెట్టుకుని, నూట పదమూడో ఆవర్తం మొదట్లో ఒక్క దెబ్బ వేయాలి.

ఆ దెబ్బ ఒక్క ఆవర్తం ముందు పడింది... వయొలిన్లన్నీ ఆగిపోయి, శాలంతా ఊపిరి బిగబట్టి ఉన్న చోట — ఢమ్మని.

ఆయన కర్రలు అక్కడే పారేసి ఈ గదిలోకి పరుగెత్తాడట. తెల్లవారి దుప్పటి కప్పి మోసుకెళ్ళారట. అప్పటినుంచీ ఎక్కడ తప్పిందో తేల్చుకుందామని లెక్కపెడుతూనే ఉన్నాడట.

కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పేవాళ్ళు మాత్రం ప్రతి అంతస్తులోనూ ఉన్నారు.

అలాంటి గదిలోకి దిగాడు సొట్టల మేస్త్రి.

రాగివీ ఇత్తడివీ పాత వాద్యాలకి సొట్టలు తీసి మెరుగుపెట్టడం ఆయన పని. అందుకే ఆ పేరు. చెయ్యి మంచిది. నోరు అంతకన్నా పెద్దది. ఆ మూల పడి ఉన్న పాత టింపనీలు రెండూ బాగుచేయాలని సెక్రటరీగారు కబురు పెట్టేసరికే ముగ్గురు మేస్త్రీలు పని ఒప్పుకుని, మూడో రాత్రికల్లా తోక ముడిచి పోయారు. ఆ సంగతి తెలిసి కూడా మనవాడు పదిమంది ముందు మీసం మీద చెయ్యి వేసి అనేశాడు.

"దెయ్యమా? రమ్మనండి. దానికీ నాలుగు సొట్టలుంటే తీసి పంపిస్తాను."

"వస్తువులు గుమ్మం దాటకూడదు. పగలు పైన సాధన, సుత్తి చప్పుడు పనికిరాదు" అన్నారు సెక్రటరీగారు. "కాబట్టి రాత్రిపూట. కింద."

"కొత్తవి ఉన్నాయి కదండీ, వీటితో పనేమిటి?"

"టింపనీకి మా కొత్తాయన ఉన్నాడు. పాతవే కావాలంటున్నాడు. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం కాదు, ఆ తర్వాతది... కచేరీ." సెక్రటరీగారు గొంతు తగ్గించారు. "అదే పాట మేస్త్రీ. అదే నూట పన్నెండు."

ఇంట్లో ఈ మాట చెబితే భార్య చేతిలో పని ఆపి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కే మనిషి మీరు. అక్కడ ఎక్కడానికి మంచం కూడా ఉండదు."

"అది బల్లి. ఇది దెయ్యం. లేనిదానికి భయమేమిటే?"

మాటైతే బాగానే ఉంది. కానీ ఆ రాత్రి సంచీలో సుత్తులతో పాటు రెండు టార్చిలైట్లు, ఒక కొవ్వొత్తుల పొట్లం, ఒక ఈల కూడా పెట్టుకున్నాడు.

మొదటి పది రాత్రులు ఏమీ జరగలేదు. తోళ్ళు విప్పాడు. మరలు నూనెలో నానబెట్టాడు. గిన్నెల మీద పచ్చగా పేరుకున్న చిలుము తోమి తోమి వదిలించాడు. రాగి కనబడేసరికి సొట్టలు కూడా కనబడ్డాయి. పెద్దవి అరచేతంత, చిన్నవి గోరంత. గిన్నెని గుండ్రటి ఇనపదిమ్మె మీద వంచి, సొట్ట ఉబ్బిన చోట లోపలినుంచి మెత్తగా సుత్తితో కొట్టుకుంటూ రావాలి. గట్టిగా కొడితే రాగి సాగిపోతుంది. సాగిన రాగి మళ్ళీ మాట వినదు. ఒక్క సొట్టకి వెయ్యి దెబ్బలు పడతాయి.

పనిలో పడితే మేస్త్రికి భయం గుర్తుండదు. పని ఆపినప్పుడల్లా ఈల తడిమి చూసుకునేవాడు.

పదకొండో రాత్రి మెరుగు పెట్టే మందు వాసనకి తల తిరిగింది. గది మధ్యలో, పైన వేదిక నేలలో, గాలి కోసం ఒక ఇనప జాలీ ఉంది. పెద్ద గిన్నెని దొర్లించుకుంటూ ఆ జాలీ కిందికి తెచ్చి, మూతి పైకి పెట్టాడు. లోపల ఇంకా సొట్టలేమైనా మిగిలాయా అని చూడాలి. అలా చూడడానికి ఒకటే పద్ధతి. టార్చి పట్టుకుని తల గిన్నెలో పెట్టాలి.

పెట్టాడు.

"...ముప్ఫై ఏడు... రెండు... మూడు... నాలుగు..."

తల బయటికి లాక్కున్నాడు. గదంతా నిశ్శబ్దం. గోడ మీద తన నీడ తప్ప ఏమీ లేదు.

'మందు వాసన' అనుకున్నాడు. 'తలకెక్కింది.'

మళ్ళీ మెల్లగా తల లోపల పెట్టాడు...

"...ముప్ఫై తొమ్మిది... రెండు... మూడు... నాలుగు..."

ఆయన భయపడినంతసేపూ అది ఆగలేదు. తన పని తాను చేసుకుపోతూనే ఉంది. గొంతు గిన్నె నడిమధ్యలోంచి వస్తోంది, సరిగ్గా చెవి పక్కనుంచి. తల ఒక జానెడు పైకెత్తితే లేదు. దించితే ఉంది.

పరుగెత్తుదామంటే కాళ్ళు రాలేదు. ఈల ఊదుదామంటే ఊపిరి లేదు. చేతిలోని సుత్తి మాత్రం జారింది... గిన్నెలో పడింది... గుడిగంట కొట్టినట్టు గదంతా ఖంగుమంది.

లెక్క ఆగిపోయింది.

ఒక నిమిషం... రెండు నిమిషాలు...

అప్పుడు గిన్నెలోంచి, వణుకుతూ ఒక గుసగుస వచ్చింది.

"ఎ... ఎవరది?"

అంత వణుకులోనూ ఒక సంగతి మేస్త్రికి తట్టింది. దెయ్యం భయపడుతోంది!

"నేను... సొట్టల మేస్త్రిని" అన్నాడు గిన్నెలోకి.

"మీరు... బతికే ఉన్నారా?"

"ఇప్పటిదాకా ఉన్నానండీ. మీరు?"

గొంతు కాసేపు ఆలోచించింది.

"నేనూ ఉన్నాననే అనుకుంటున్నాను. పైకి వస్తారా? నాకు కిందికి దిగాలంటే భయం."

మేస్త్రి రెండు టార్చిలూ వెలిగించుకుని మెట్లెక్కాడు. ప్రతి మెట్టు మీదా 'వెనక్కి వెళ్ళిపో' అని మనసు చెబుతూనే ఉంది. సెక్రటరీగారి గదిలో తను వేసిన డాబు ఆ పదిమందీ మరిచిపోరు కదా, అదే ఆయన్ని ముందుకు తోసింది.

వేదిక మీద అంతా చీకటి. ఖాళీ కుర్చీల వెనక, అన్నిటికన్నా చివరి వరుసలో, ఇనప జాలీ పక్కనే ఒక తెల్లజుట్టు పెద్దాయన ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు. పిడికిళ్ళు రెండూ మోకాళ్ళ మీద. టార్చి వెలుగు పడితే కళ్ళు చికిలించాడు. కింద నీడ కూడా పడింది.

"దయచేసి కంట్లో కొట్టకండి" అన్నాడు.

"మీరు పోయారని..."

"నేనూ విన్నాను." పెద్దాయన నిట్టూర్చాడు. "ఆ రోజు దెబ్బ తప్పాక కింద కూర్చుని రాత్రంతా ఏడ్చాను. పొద్దున్నకి రక్తపోటు పెరిగి స్పృహ తప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పడుకోబెట్టి తీసుకెళ్ళడం అందరూ చూశారు. రెండు నెలల తర్వాత నడుచుకుంటూ వచ్చి నా పీట మీద కూర్చుంటే ఎవరూ చూడలేదు."

"ఎవరూ అడగలేదా?"

"చివరి వరుసలోకి ఎవరు చూస్తారు? నేను వచ్చిన రోజే అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. నేనూ లేచాను. పాపం ఎవరో అనుకున్నాను. లెక్కపెట్టే అలవాటు కదా, అదీ లెక్కపెట్టాను. రెండు నిమిషాలు లేదు. నిమిషం నలభై సెకన్లే. సంతాప తీర్మానం చదివితే గానీ నాకోసమని తెలియలేదు. అప్పుడు చెబుదామంటే... అందరూ అంత బాధలో ఉన్నారు, మర్యాదగా ఉండదనిపించింది. మర్నాటినుంచీ నన్ను కొత్తాయన అనడం మొదలుపెట్టారు. పదేళ్ళయింది."

మేస్త్రికి నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. నవ్వు మింగేశాడు.

"మరి ఈ అర్ధరాత్రి లెక్కలెందుకండీ?"

"నూట పన్నెండు." పెద్దాయన పిడికిళ్ళు బిగుసుకున్నాయి. "డెబ్బై దాటేసరికి మనసు చెదిరిపోతోంది. ఎక్కడున్నానో తెలియదు. పదేళ్ళుగా రాత్రిపూట వచ్చి సాధన చేస్తున్నాను. ఈ పది రాత్రులూ కింద సుత్తి చప్పుడు విని గుమ్మంలోంచే తిరిగిపోయాను. దెయ్యం కథ పుణ్యమా అని ఈ వైపు ఎవరూ రారు. ఈసారి తప్పితే ఇంక చచ్చినట్టే మేస్త్రీ. మొదటిసారి పుకారు. ఈసారి నిజంగానే."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. మేస్త్రి మాత్రం మళ్ళీ ఈల తడిమి చూసుకున్నాడు.

అయితే గిన్నెలో గొంతు సంగతి తేలిపోయింది. పైన గొణిగిన మాట జాలీలోంచి కిందికి జారుతోంది. గుండ్రటి గిన్నె దాన్నంతా పోగుచేసి నడిమధ్యకి తెస్తోంది. తల పెట్టినవాడికే వినబడుతుంది. ఇంతే! ఈ ఇంతకే ముగ్గురు మేస్త్రీలు పారిపోయారు!

మర్నాడు మనవాడు ఆగగలడా? గేటు దగ్గరే వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు.

"ఆయన బతికే ఉన్నాడయ్యా! నేను మాట్లాడాను!"

"మాట్లాడతారండీ" అన్నాడు వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి. "వాళ్ళు పట్టుకున్నాక అందరూ ఇలాగే చెబుతారు."

సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఓపికగా అంతా విని, పాత పుస్తకం తీసి చూపించారు.

"తీర్మానం ఏకగ్రీవం. మౌనం పాటించేశాం. పాటించిన మౌనం వెనక్కి తీసుకోవడం ఎలా కుదురుతుంది మేస్త్రీ?"

సాయంత్రానికల్లా సొట్టల మేస్త్రి దెయ్యంతో కూర్చుని కబుర్లాడాడని శాలంతా గుప్పుమంది. అంతవరకూ ఆ గదిలోకి ఇద్దరిద్దరుగా దిగేవాళ్ళు. ఆ రోజునుంచి అసలు దిగడమే మానేశారు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంది.

"పాపం అండీ ఆ పెద్దాయన. మీరైనా తోడుండండి. ఎలాగూ పొద్దస్తమానం నా తప్పులు లెక్కపెడుతూనే ఉంటారు, ఆ విద్య అక్కడ పనికొస్తుంది."

మిగిలిన ఎనిమిది రాత్రులూ ఇద్దరూ కలిసే పని చేశారు. పైన ఆయన లెక్క, కింద ఈయన సుత్తి. లెక్కకో దెబ్బ, ఆవర్తానికి నాలుగు. మొదటి గరుకు కాగితం, దానికన్నా నున్నటిది, దానికన్నా నున్నటిది... ఆఖరికి గుడ్డముక్క. రాగి మీద గీత కనబడకుండా పోయింది. నీళ్ళలా పలచగా పైపూత వేశాడు. అంచు ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా గాజుపలక మీద బోర్లించి చూసుకున్నాడు. మైనం రాశాడు. తడిపిన కొత్త తోలు లాగి, మరలు ఎదురెదురుగా ఒక్కొక్క చుట్టే బిగించుకుంటూ వచ్చాడు. పంతొమ్మిదో రాత్రికి రెండు టింపనీలూ అద్దాల్లా తయారయ్యాయి.

నూట పన్నెండూ మేస్త్రికి నోటికొచ్చేశాయి. అన్నం తింటూ లెక్కపెట్టేవాడు, స్నానం చేస్తూ లెక్కపెట్టేవాడు. పైన మాత్రం ప్రతి రాత్రీ డెబ్బై నాలుగో, డెబ్బై ఆరో వచ్చేసరికి గొంతు తడబడేది.

"మీరు బెంగపెట్టుకోకండి" అన్నాడు మేస్త్రి చివరి రాత్రి. "నేను తెర పక్కన, మీకు ఎదురుగా నిలబడతాను. మీ లెక్క చెదిరితే నన్ను చూడండి. సమయం రాగానే తల ఊపుతాను."

"మీరు తప్పరు కదా?"

"నేనా!" మేస్త్రి మీసం మీద చెయ్యి వేశాడు. "రాగి మీద వెంట్రుకంత తేడా ఉంటే వేలితో చెప్పేస్తాను. నూట పన్నెండు ఒక లెక్కా!"

శనివారం వచ్చింది.

శాల నిండిపోయింది. దీపాల కింద రాగి ధగధగలాడుతోంది. బృందం ముందు నిలబడి పుల్ల ఊపే పెద్దమనిషి పుల్ల ఎత్తాడు. ఆ పాట మొదలైంది... పెద్దాయన కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

తెర పక్కన మేస్త్రి పెదవులు బిగించి, వేళ్ళతో లెక్కపెడుతున్నాడు. నలభై... యాభై... అరవై...

డెబ్బై నాలుగు దగ్గర ముందు వరుసలో ఎవరో గట్టిగా దగ్గారు.

పెద్దాయన పెదవులు ఆగిపోయాయి. మొహం పాలిపోయింది. కళ్ళు పైకెత్తి మేస్త్రి వైపు చూశాడు... అంతమంది మధ్య దారి తప్పిన మనిషి చూపు అది. మేస్త్రి ధైర్యంగా కళ్ళతోనే 'నేనున్నాను' అన్నాడు.

తొంభై... నూరు... నూట అయిదు...

వయొలిన్లు సన్నబడ్డాయి. పిల్లనగ్రోవి ఆగిపోయింది. శాలంతా ఊపిరి బిగబట్టింది.

వేళ్ళ మీద నూట పన్నెండు అయిపోయింది. మేస్త్రి తల గట్టిగా ఊపాడు.

పెద్దాయన కదల్లేదు.

మేస్త్రి మళ్ళీ ఊపాడు. చెయ్యి కూడా ఊపాడు. 'కొట్టండీ!' అని లోపల్లోపల అరిచాడు. పెద్దాయన ఆయన వైపు చూడడమే లేదు. తల ఓ పక్కకి వంచి, టింపనీ మీదికి చెవి పెట్టినట్టు కూర్చున్నాడు. ఒక లెక్క... రెండు... మూడు... నాలుగు... అయిపోయింది, అంతా అయిపోయిందని మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

ఢమ్!

ఆ దెబ్బతోపాటే పుల్ల కిందికి దిగింది, బృందమంతా ఒక్కసారిగా పాట అందుకుంది. వెంట్రుకవాసి తేడా లేదు. తెర పక్కన మేస్త్రి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. తను ఒక ఆవర్తం ముందే తల ఊపానని అప్పటికి గానీ ఆయనకి అర్థం కాలేదు.

కచేరీ అయ్యాక సెక్రటరీగారు స్వయంగా చివరి వరుసదాకా వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపారు.

"పోయినాయన వల్ల కాలేదండీ. మీరు చేసి చూపించారు!"

పెద్దాయన వినయంగా తల వంచాడు.

అందరూ వెళ్ళిపోయారు. దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. వేదిక మీద ఇద్దరే మిగిలారు. మేస్త్రి సిగ్గుపడుతూ దగ్గరికి వచ్చి, టింపనీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"క్షమించండి. నేను తప్పాను. మీరు ఆగబట్టి సరిపోయింది గానీ... అంత ధైర్యం ఎలా వచ్చిందండీ?"

"నా ధైర్యమేముంది? అంతా మీ ఏర్పాటే కదా." పెద్దాయన మొహం వెలిగిపోతోంది. "డెబ్బై నాలుగు దగ్గర నా లెక్క పోయింది. వెంటనే డెబ్బై అయిదు అని అందించారు. అక్కడినుంచి చివరిదాకా ఆ గొంతు పట్టుకునే వచ్చాను. మీరు తల ఊపినప్పుడు అది ఇంకా నూట పదకొండే అయిందంది. కింద ఎవర్ని కూర్చోబెట్టారు?"

"కిందా?"

"గిన్నెలోంచి వచ్చింది కదా. మెల్లగా... నా చెవికే."

మేస్త్రి జేబు తడిమి చూసుకున్నాడు.

"కింది గదికి తాళం వేశానండీ. తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా... తోలు బిగించాక గిన్నెలోకి బయటి గొంతు రాదు."

పెద్దాయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. టింపనీ వైపు తిరిగాడు.

"అయితే... పదేళ్ళ కిందట వినబడిందీ ఇదేనన్నమాట" అన్నాడు, గుసగుసగా.

"ఏమిటండీ?"

"ఆ రోజు కూడా లోపలినుంచి ఎవరో లెక్క చెబుతూనే ఉన్నారు మేస్త్రీ. అది నూట పదకొండు అంది. నా లెక్క నూట పన్నెండు. కంగారులో నా మనసే ఏదో అంటోందనుకుని... నా లెక్కే నమ్మి కొట్టాను."

మేస్త్రి రాగి మీద ఆనించిన చెయ్యి ఒక్కొక్క వేలే పైకెత్తి మెల్లగా తీసేశాడు. పంతొమ్మిది రాత్రుల పాటు, సొట్టకి వెయ్యి చొప్పున, సుత్తి పుచ్చుకుని తను బాదింది దాన్నే.